ఖేడ్‌కు మాల్ వస్తే

దసరా వెళ్లిందంటే సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ చుట్టూ ఉన్న తండాల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. ముసలివాళ్లూ బడికి పోయే పిల్లలూ మిగులుతారు. వయసులో ఉన్న ఆలుమగలు చెరకు నరకడానికి బీదర్ వైపో, జహీరాబాద్ వైపో, ఇంకా ముందుకు పోయి మహారాష్ట్ర ఫ్యాక్టరీల కిందికో వెళ్తారు. మేస్త్రీ దగ్గర ముందే తీసుకున్న అడ్వాన్సు పెళ్లి ఖర్చుకో, ఎండిపోయిన బోరుకో, ఆస్పత్రికో అప్పటికే అయిపోయి ఉంటుంది. అది తీరేదాకా కొడవలి ఆగదు. చెరకు లేని కాలంలో హైదరాబాద్‌లో కట్టుబడి పనులు ఉండనే ఉన్నాయి.

ఇలాంటి చోట ఒక పెద్ద షాపింగ్ మాల్, అందులోనూ పేరున్న కంపెనీల బట్టలూ చెప్పులూ సగం ధరకు అమ్మే ఔట్‌లెట్ మాల్ పెడితే నిలబడుతుందా? ఇప్పుడు ఈ ప్రశ్న వేసుకోవడానికి కారణాలున్నాయి. సంగారెడ్డి నుంచి జోగిపేట, నిజాంపేట, పిట్లం, మద్నూర్ మీదుగా నాందేడ్, అకోలా వెళ్లే 161వ నంబరు జాతీయ రహదారి తెలంగాణ మేర నాలుగు వరుసలైంది. దాని నుంచి నిజాంపేట దగ్గర విడిపోయే రోడ్డు ఖేడ్ మీదుగా బీదర్ చేరుతుంది. 2016లో నారాయణఖేడ్ రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది, 2018లో మున్సిపాలిటీ అయింది. ఒకప్పుడు అమీర్‌పేటకో కూకట్‌పల్లికో పోతే తప్ప కనిపించని నాలుగంతస్తుల బట్టల దుకాణాలు జిల్లా కేంద్రాలు దాటి డివిజన్ కేంద్రాలకు దిగుతున్నాయి. రోడ్డు వెంట పొలాలు ప్లాట్లవుతున్నాయి. రోడ్డు వచ్చింది కాబట్టి మాల్ వస్తుంది, మాల్ వచ్చింది కాబట్టి ఊరు బాగుపడుతుంది అనే ఆశ చాలామంది మాటల్లో వినిపిస్తోంది. ఆశపడడంలో తప్పేమీ లేదు. అది నిలిచే ఆశేనా అన్నదే చూడాలి.

ఔట్‌లెట్ అనే వ్యాపారం పుట్టిన తీరు తెలిస్తే సగం సంగతి అర్థమవుతుంది. ఫ్యాక్టరీలో మిగిలిపోయిన సరుకు, చిన్న లోపమున్న సరుకు, ఫ్యాషన్ మారి అమ్ముడుపోని సరుకు ఫ్యాక్టరీ పక్కనే చౌకగా అమ్మడంతో అది మొదలైంది. ఇంగ్లండ్‌లో స్ట్రీట్ అనే చిన్న ఊరు క్లార్క్స్ చెప్పుల కంపెనీకి పుట్టిల్లు. అక్కడ చెప్పుల తయారీ తగ్గిపోతున్న రోజుల్లో, 1993లో, ఆ ఫ్యాక్టరీ స్థలంలోనే క్లార్క్స్ విలేజ్ పేరుతో ఔట్‌లెట్ కేంద్రం తెరిచారు. ఇలాంటివి ఊళ్లకు దూరంగా, హైవేల పక్కన కట్టడంలో కంపెనీల లెక్క కంపెనీలకుంది. నగరం మధ్యలో అదే చొక్కా పూర్తి ధరకు అమ్మే తమ దుకాణానికి పోటీ రాకూడదు. భూమి చౌకగా దొరకాలి. కారులో గంటా గంటన్నర ప్రయాణం చేసి రాగల జనం లక్షల్లో ఉండాలి. ఈ మూడింటిలో మొదటి రెండూ ఖేడ్‌కు పుష్కలంగా ఉన్నాయి. మూడోదే సందేహం. హైదరాబాద్ వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. నగరంలోనే అన్నీ దొరుకుతుంటే ఒక చొక్కా కోసం అంత దూరం ఎవరు వస్తారు?

కాలం కలిసిరాని ఊళ్లకు ఇలాంటి మాల్ ఊపిరి పోస్తుందా అన్న ప్రశ్నను ప్రపంచంలో ఎక్కువగా ఎదుర్కొన్నవి సముద్రతీరపు ఊళ్లు. చేపల వేట పడిపోయిన రేవులు, విహారానికి వచ్చేవాళ్లు తగ్గిపోయిన బీచ్ పట్టణాలు. ఇంగ్లండ్ వాయవ్య తీరంలోని ఫ్లీట్‌వుడ్ అలాంటిది. ఐస్‌లాండ్ దాకా పోయి కాడ్ చేపలు పట్టుకొచ్చే పడవలకు అది ఒకప్పుడు పెద్ద రేవు. ఆ చేపల మీద బ్రిటన్‌కూ ఐస్‌లాండ్‌కూ నడిచిన తగాదా 1976లో ఐస్‌లాండ్ గెలుపుతో ముగిశాక, దూరసముద్రపు వేట ఆ ఊళ్లో కొన్నేళ్లకే మూతపడింది. ప్రయాణికుల రైలు అంతకుముందే, 1970లోనే ఆగిపోయింది. 1995లో రేవు దగ్గర ఔట్‌లెట్ కేంద్రం వచ్చింది. అది ఈనాటికీ చేతులు మారుతూ, పేరు మారుతూ నడుస్తోంది. దుకాణాల లెక్కన చూస్తే ఓడిపోలేదు. అయినా ఫ్లీట్‌వుడ్‌లోని కొన్ని వార్డులు ఇంగ్లండ్‌లో బాగా వెనుకబడిన ప్రాంతాల్లోనే ఉన్నాయి.

ఆ ఊరిని గట్టిగా పట్టి నిలబెట్టిన సంస్థ వేరే ఉంది. 1865లో జేమ్స్ లాఫ్ట్‌హౌస్ అనే మందుల దుకాణదారు, చలిసముద్రంలో దగ్గుతో సతమతమయ్యే జాలరుల కోసం ఒక ఘాటైన మందు తయారుచేశాడు. అదే తర్వాత ఫిషర్మన్స్ ఫ్రెండ్ బిళ్లలైంది. ఇవాళ ఆ బిళ్లలు వందకు పైగా దేశాలకు పోతాయి. ఇప్పటికీ తయారయ్యేది ఫ్లీట్‌వుడ్‌లోనే. జాలరులు పోయినా వాళ్ల కోసం పుట్టిన సరుకు మిగిలింది, అది ఆ ఊరికి జీతాలిస్తోంది. దిగుమతి బట్టలమ్మే దుకాణానికీ, ఊళ్లో తయారైన సరుకు బయటికి పంపే కార్ఖానాకూ మధ్య తేడా ఆ ఒక్క ఊరిని చూసినా తెలుస్తుంది.

అమెరికాలో అట్లాంటిక్ సిటీ కథ ఇంకా చిన్నది. జూదశాలలతో బతుకుతున్న ఆ తీరపట్టణంలో 2003లో ఔట్‌లెట్ దుకాణాల వీధి కట్టారు. 2014లో ఒక్క ఏడాదే నాలుగు జూదశాలలు మూతపడి వేలమంది ఉద్యోగాలు పోయాయి. చౌక దుకాణాలు ఆ దెబ్బను ఆపలేకపోయాయి. ఎలా ఆపుతాయి? అవి బతికేదే అక్కడికి వచ్చేవాళ్ల జేబుల మీద.

మన తీరానికి వద్దాం. చీరాల బట్టల బజారు సంగతి తెలియని కోస్తా ఇల్లు తక్కువ. పెళ్లి బట్టలకు గుంటూరు, ప్రకాశం, నెల్లూరు జిల్లాల నుంచి జనం చీరాల రైలు దిగుతారు. మినీ బొంబాయి అని ముద్దుగా పిలుచుకుంటారు. ఏ కంపెనీ ప్రణాళికా లేకుండా, ఏ రాయితీ లేకుండా, వందల చిన్న దుకాణాలు ఒకచోట చేరి అంత పెద్ద బజారైంది. చీరాల చుట్టూ, వేటపాలెం, జాండ్రపేట ఇళ్లలో మగ్గాలు ఆడాయి కనుకే ఆ బజారు లేచింది. సరుకు ఇంటి దగ్గర పుట్టింది, అమ్మకం ఇంటి దగ్గర జరిగింది. ఔట్‌లెట్ అన్న మాట ఎవరూ వినకముందే అది అసలైన ఔట్‌లెట్.

కానీ ఈ కథలో రెండో భాగం చెప్పకుండా వదలడం న్యాయం కాదు. సూరత్ నుంచి, ఈరోడ్ నుంచి మరమగ్గాల బట్ట చౌకగా దిగాక ఆ బజారు దాన్ని కూడా అంతే చక్కగా అమ్మింది. దుకాణాలు పెరిగాయి. వాటికి నాలుగు మైళ్ల అవతల నేతగాళ్ల ఇళ్లలో నూలు ధర పెరిగి, కూలి పెరగక, మగ్గం గుంతలు పూడ్చుకున్నవాళ్లు పెరిగారు. 1991లో రాష్ట్రాన్ని కలచివేసిన నేతకార్మికుల ఆకలి చావుల్లో ఆ ప్రాంతం పేరూ ఉంది. బజారు గెలిచిన చోటే, ఆ బజారును పుట్టించినవాళ్లు ఓడిపోయారు. కాబట్టి మాల్ నెగ్గుతుందా అని అడిగినప్పుడు, ఎవరికి నెగ్గుతుంది అని కూడా వెంటనే అడగాలి. దుకాణం లాభంలో ఉండడం, ఊరు బాగుండడం ఒకటే అని మనం ఊరికే అనుకుంటున్నాం.

ఖేడ్‌కు తిరిగి వస్తే, ఇక్కడ పుట్టే సరుకేది? పత్తి, కంది, పెసర, మినుము, సోయా, జొన్న. ఎక్కువ భాగం వాన మీద ఆధారపడ్డ నేల. మంజీర ఈ ప్రాంతం అంచునే పారుతుంది. ఆ నది మీద 1931 నాటికే నిజాంసాగర్ కట్టి నిజామాబాద్ పొలాలకు నీళ్లిచ్చారు. తర్వాత సింగూరు కట్టి హైదరాబాద్ కుళాయిలకు పంపారు. ఖేడ్ పొలాలకు మాత్రం ఆ నది చాలాకాలం చూసే నదిగానే మిగిలింది. 2022 ఫిబ్రవరి 21న ఖేడ్‌లోనే సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతల పథకాలకు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ శంకుస్థాపన చేశారు. రెండింటికీ కలిపి 4,427 కోట్ల రూపాయల అంచనా, 3.84 లక్షల ఎకరాల ఆయకట్టు. అందులో ఖేడ్ వైపుకు వచ్చేది బసవేశ్వర. ఆ నీళ్ల కోసం ఎదురుచూపులు ఇంకా ముగియలేదు. బోధన్ నుంచి బీదర్‌కు రైలు మార్గం మాట కూడా ఏళ్ల తరబడి సర్వేల్లో, ఎన్నికల హామీల్లో తిరుగుతోంది.

నీళ్లు రాని పొలం ఉన్నచోట జేబు ఎలా ఉంటుందో లెక్క వేయడం కష్టం కాదు. 2024–25లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. మూడు వేల ధర చీటీ ఉన్న చొక్కాను సగానికే ఇస్తామని మాల్ ఎంత గొప్పగా బోర్డు పెట్టినా, ఆ పదిహేను వందలు ఐదు రోజుల కూలి. పైగా ఇక్కడి చేతుల్లో డబ్బు నెలనెలా ఆడదు. పత్తి అమ్మినప్పుడు, కంది అమ్మినప్పుడు, రైతు భరోసా పడినప్పుడు, మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చినప్పుడు వస్తుంది, వచ్చినంత వేగంగా పోతుంది. మాల్‌కు అద్దె, కరెంటు బిల్లు, జీతాలు మాత్రం ప్రతి నెలా ఉంటాయి. ఏడాదికి మూడు నెలలు కిటకిటలాడి తొమ్మిది నెలలు బోసిపోయే దుకాణాన్ని ఊరి సేటు నడపగలడు, ఎందుకంటే ఇల్లూ దుకాణమూ ఒకటే. పెద్ద కంపెనీ నడపలేదు. బెంగళూరు మారతహళ్లిలో ఫ్యాక్టరీ ఔట్‌లెట్ల వీధి వెలిసిందంటే, చుట్టుపక్కల ఐటీ జీతాలు ముందు వచ్చాయి, దుకాణాలు వెనక వచ్చాయి.

ఇక్కడ డబ్బు నెలనెలా చేతికి రాదు కాబట్టే ఊరి బట్టల దుకాణం ఉద్దెర మీద నడుస్తుంది. "పత్తి అమ్మినంక ఇస్త సేటూ, రాసుకో" అంటే సేటు రాసుకుంటాడు. తండా పెద్ద పేరు తెలుసు, తండ్రి పేరు తెలుసు, కిందటేడు బాకీ ఎప్పుడు కట్టాడో తెలుసు. పెళ్లి కుదిరి చేతిలో పైసా లేని ఇంటికి ఆ ఉద్దెర పుస్తకమే దిక్కు. దీన్ని గొప్పగా పొగడడమూ సరికాదు. ఆ ఉద్దెరకు వడ్డీ చీర ధరలోనే కలిసి ఉంటుంది. బాకీ ఉన్నవాడు బేరమాడలేడు, రంగు నచ్చలేదని తిప్పి ఇవ్వలేడు. గుమ్మం బయటే నిలబెట్టి, అడిగిన చీర కాక ఇచ్చిన చీరే తీసుకొమ్మన్న రోజులు తండా ఆడవాళ్లు మరిచిపోలేదు. మాల్‌లో ధర చీటీ మీద ఉంటుంది, అది కలెక్టర్ భార్యకైనా కూలి చేసే సక్కుబాయికైనా ఒకటే. ఏసీలోకి ఎవరైనా నడవొచ్చు, బట్ట ముట్టుకొని చూడొచ్చు, లోపలికి పోయి తొడుక్కొని అద్దంలో చూసుకోవచ్చు, కొనకుండా బయటికి రావచ్చు. ఈ గౌరవం చిన్నది కాదు. మాల్ కావాలని కోరుకునే పిల్లల కోరికలో చాలా భాగం ఇదే. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు, నగరంలో కూర్చొని రోజూ మాల్‌కు పోయేవాళ్లకు అసలే లేదు.

ఆ గౌరవం ఇప్పటికే రెండు దారుల్లో ఖేడ్ గడప తొక్కింది. ఒకటి ఫోను. మీషో, ఫ్లిప్‌కార్ట్ పొట్లాలు తండాల దాకా పోతున్నాయి. నచ్చకపోతే తిప్పి పంపొచ్చు, డబ్బు సరుకు చేతికొచ్చాకే ఇవ్వొచ్చు. రెండోది బస్సు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఖేడ్ డిపో బస్సెక్కి సంగారెడ్డికో పటాన్‌చెరుకో పోయి, నాలుగు దుకాణాలు తిరిగి, నచ్చింది కొనుక్కొని సాయంత్రానికి ఇంటికి చేరే ఆడవాళ్లున్నారు. ఒక తరం కింద వాళ్ల అమ్మలకు ఈ వీలు కలలో కూడా లేదు. ఖేడ్‌లో మాల్ పెట్టేవాడు ఊరి సేటుతోనే పోటీ పడితే చాలదు, వీటితో కూడా పడాలి. హైవే మీద, ఊరికి దూరంగా, కార్లవాళ్ల కోసం కట్టిన మాల్ దగ్గర ఎక్స్‌ప్రెస్ బస్సు ఆగకపోతే ఖేడ్ ఆడవాళ్లకు అది పక్క జిల్లాలో ఉన్నట్టే లెక్క.

మరో సంగతి. ఔట్‌లెట్లలో దొరికేదంతా మిగిలిన మంచి సరుకు కాదు. తక్కువ రకం బట్టతో ఔట్‌లెట్ల కోసమే విడిగా కుట్టించి, ఎన్నడూ అమ్మని ఒక పెద్ద ధర ముద్రించి, దాని మీద తగ్గింపు చూపిస్తున్నారన్న ఆరోపణ అమెరికాలో గట్టిగా వచ్చింది. దీని మీద విచారణ జరపమని 2014లో ముగ్గురు సెనేటర్లూ ఒక ప్రతినిధుల సభ సభ్యురాలూ అక్కడి వాణిజ్య కమిషన్‌కు లేఖ రాశారు. బట్ట రకం చూసి కొనే అనుభవం ఉన్న నగరవాసే మోసపోతే, మొదటిసారి మాల్ మెట్లెక్కే కూలికి ఎవరు చెబుతారు? పెద్ద పేరున్నంత మాత్రాన వ్యాపారం నిలుస్తుందన్న భరోసా కూడా లేదు. చౌకధరల బ్రాండ్ ఫ్యాక్టరీ దుకాణాలను పలు నగరాల్లో నడిపిన ఫ్యూచర్ గ్రూపు రిటైల్ వ్యాపారం 2022లో దివాలా ప్రక్రియకు పోయింది. నగరంలో అయితే ఆ భవనంలోకి ఇంకొకరు వస్తారు. చిన్న ఊళ్లో దాని తలుపులు ఎన్నాళ్లు మూసి ఉంటాయో చెప్పలేం. అప్పటికి పక్కన ఉన్న చిన్న దుకాణాలు కూడా మూతపడి ఉంటాయి, వాటితో పాటు ఉద్దెర పుస్తకమూ పోయి ఉంటుంది.

అయినా ఈ ఊరికి పెద్ద అంగడి అచ్చిరాదని అనడం చరిత్ర మరిచిపోవడమే. 1956 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో మెదక్‌కు వచ్చింది. ఇక్కడి వారాంగట్లో ఇప్పటికీ తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ మాటలు ఒకే బేరంలో కలిసిపోతాయి. మూడు రాష్ట్రాలు కలిసే చోట వ్యాపారం పుట్టడానికి కావలసినదంతా ఉంది. లోటు ఎక్కడంటే, ఇక్కడి నుంచి బయటికి పోయేది పచ్చి సరుకు, లోపలికి వచ్చేది తయారైన సరుకు. పత్తి మూటలుగా పోయి చొక్కాగా తిరిగొస్తుంది, కందులు బస్తాల్లో పోయి పప్పు ప్యాకెట్లుగా తిరిగొస్తాయి. పోవడానికీ రావడానికీ మధ్య పుట్టే కూలి, లాభం వేరే ఊళ్లవి. మాల్ పెడితే లోపలికి వచ్చే దారి వెడల్పవుతుంది, అంతే.

పక్క జిల్లా తాండూరును చూడండి. అదీ నల్లరేగడి, అదీ వానమీది సేద్యమే. కానీ అక్కడ పప్పు మిల్లులున్నాయి. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పేరుతో సరుకు అమ్ముకునే వీలు అక్కడి రైతుకు కలిగింది. సిరిసిల్లలో 2017 నుంచి ప్రభుత్వం బతుకమ్మ చీరల పని ఇచ్చినప్పుడు మరమగ్గాలు ఎలా ఆడాయో రాష్ట్రమంతా చూసింది. ఆ చీరల నాణ్యత మీద తగాదాలు ఎన్నున్నా, కొనేవాడు ఉంటే నేసేవాడు ఊరు వదలడన్నది మాత్రం రుజువైంది. 2024లో ప్రభుత్వ బడుల యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘాలకు అప్పగించారు, జతకు కుట్టుకూలి 75 రూపాయలకు పెంచారు. పెద్ద మొత్తం కాదు. కానీ మిషన్ ఉన్న ఇంట్లో ఆడమనిషికి ఇంటి నీడలో దొరికిన పని అది. చెరకు తోటలో చలికి వణుకుతూ, చంటిపిల్లను గట్టు మీద పడుకోబెట్టి చేసే పనితో పోల్చి చూస్తే దాని విలువ తెలుస్తుంది.

కాబట్టి ఎవరైనా మదుపరి ఖేడ్‌కు వచ్చి మాల్ కడతానంటే పొమ్మనక్కర్లేదు, ఎదురేగి దండలు వేయనూ అక్కర్లేదు. అతనితో నెమ్మదిగా కూర్చొని మాట్లాడాల్సిన విషయాలున్నాయి. అమ్మేవాళ్లుగా, లెక్కలు చూసేవాళ్లుగా ఈ మండలాల పిల్లలనే తీసుకుంటారా? హైదరాబాద్ దుకాణాల్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడే పని చేస్తున్న ఇక్కడి కుర్రాళ్లు ఎందరో ఉన్నారు, అదే పని ఇంటి నుంచి పోయి చేయగలిగితే గది అద్దె మిగులుతుంది. కూర్చోవడానికి స్టూలు, ఆడపిల్లలకు మరుగుదొడ్డి, రాత్రి ఇంటికి చేరే బస్సు ఉంటాయా? వారాంగట్లో కూర్చునే చిన్న వ్యాపారుల స్థలం జోలికి రాకుండా ఉంటారా? అన్నిటికంటే ముఖ్యం, ఇక్కడ కుట్టిన లంగా ఓణీ, ఇక్కడ మిల్లుపట్టిన పప్పు, తండా ఆడవాళ్లు అద్దాలు గుచ్చి కుట్టిన సంచి ఏదైనా ఒకటి అతని అరలో ఉంటుందా, అతని మిగతా ఊళ్ల దుకాణాలకూ పోతుందా?

యూనిఫాంలు కుట్టే సంఘాలకు బడులు తెరిచే జూన్ ముందర కొన్ని వారాలే పని. మిగతా నెలల్లో ఆ మిషన్లు గుడ్డ కప్పుకొని ఉంటాయి. వాటికి ఏడాది పొడుగునా ఆర్డర్లు ఇస్తానని, కూలి పదిహేను రోజులకోసారి బ్యాంకులో వేస్తానని కాగితం మీద రాసిచ్చే దుకాణదారు ఎవరైనా వస్తే, అతనికి స్థలం చూపించడానికి మున్సిపాలిటీ ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు. అలా రాసివ్వనివాడు సొంత డబ్బుతో సొంత భూమిలో కట్టుకుంటే కట్టుకోనివ్వాలి. అతనికి ప్రభుత్వ భూమీ, పన్ను రాయితీ మాత్రం ఇవ్వనక్కర్లేదు. ఆ సొమ్మును ఒక పప్పు మిల్లుకూ, కందులు తడవకుండా దాచుకునే గోదాముకూ పెట్టాలి.